‘సంబంధం లేదు’ అన్నచోట మొదలవ్వాల్సిన పరిశోధన

ఈ మధ్య మన సంఘాలకు ఒకే మాదిరి ఉత్తరాలు వస్తున్నాయి. ఏ విదేశీ యూనివర్శిటీలోనో, ఢిల్లీ, బెంగుళూరు సంస్థల్లోనో ‘గ్లోబల్ హెల్త్’లో పిహెచ్‌డి చేస్తున్న విద్యార్థి రాస్తారు. అంశం రక్తహీనత కావచ్చు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కావచ్చు, ఏజెన్సీలో కాన్పులు కావచ్చు. తనది ఒక్క శాస్త్రానికి కట్టుబడిన పరిశోధన కాదనీ, జబ్బుల వ్యాప్తిని లెక్కగట్టే ఎపిడెమియాలజీ, మానవశాస్త్రం, ఆర్థికశాస్త్రం మూడూ కలిపి చేస్తున్నాననీ, మూడు విభాగాల నుంచి ముగ్గురు గైడ్లున్నారనీ చెప్తారు. అసలు సంగతి చివరి పేరాలో ఉంటుంది. మీరు పనిచేసే గ్రామాల్లో ఆడవాళ్లతో మాట్లాడించగలరా? భాష తెలిసిన కార్యకర్తలు ఇద్దరిని మూడు నెలలు మాతో తిప్పగలరా?

ఉత్తరాలు మర్యాదగానే ఉంటాయి. రాసే పిల్లల్లో చాలామందికి నిజమైన శ్రద్ధ ఉంది, అందులో సందేహం లేదు. అయినా వీటికి ఏమని జవాబివ్వాలో మనం ఎప్పుడూ కలిసి కూర్చుని మాట్లాడుకోలేదు. కొన్ని సంఘాలు పేరు వస్తుందని సరేనంటున్నాయి, కొన్ని విదేశీ డబ్బు అనగానే తలుపు వేసేస్తున్నాయి. ఈ రెండూ సరైన జవాబులు కావని నా అభిప్రాయం. సోషియాలజీలో పరిశోధన చేసినదాన్ని, ఇలాంటి విద్యార్థులతో రోజూ వాదించేదాన్ని కాబట్టి ఈ చర్చను ఇక్కడ మొదలుపెడుతున్నాను.

శాస్త్రాలు కలిసి పనిచేయాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఆడవాళ్ల జబ్బు ఏ ఒక్క డిపార్టుమెంటులోనూ ఇమడదు. కూలికి వెళ్లే మనిషికి రక్తం తక్కువ ఉందంటే డాక్టరు ఐరన్ బిళ్ల రాస్తాడు. ఆమె ఇంట్లో అందరి తర్వాత తింటుందని మానవశాస్త్రం చెప్తుంది. కూలి డబ్బుకి పప్పు రావటం లేదని ఆర్థికశాస్త్రం చెప్తుంది. ఒట్టి కాళ్లతో బహిర్భూమికి వెళ్లటం వల్ల కొంకిపురుగులు వచ్చాయని ఇంకొకరు చెప్తారు. అందరూ నిజమే చెప్తారు, ఆమె మాత్రం అలాగే ఉంటుంది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటు లేదన్నట్టు ఉంది పరిస్థితి. ఈ నాలుగు మాటల్నీ ఒకచోట చేర్చి చూడగల పరిశోధకురాలు తయారవటం మనకు కావలసిందే. కాకపోతే ఆ చేర్పు ఎవరి ప్రశ్న చుట్టూ జరుగుతోందన్నది చూడాలి.

శాస్త్రాలు కలిస్తే ఏం జరగగలదో చెప్పటానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 1960ల మొదట్లో బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థలో డి. బెనర్జీ పనిచేసేవారు. ఆయన వైద్యం చదివి, తర్వాత మానవశాస్త్రం చదివిన మనిషి. క్షయ రోగులు ఆసుపత్రికి రారు, వాళ్లకు అవగాహన లేదు, మూఢనమ్మకాలు ఎక్కువ, కాబట్టి మనమే వ్యాన్లు వేసుకుని వెళ్లి వెతకాలి అని అప్పట్లో వైద్యుల నమ్మకం. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లా గ్రామాల్లో రోగుల్నే అడిగారు. దాదాపు అందరికీ తమ ఒంట్లో బాగాలేదని తెలుసు. సగానికి పైగా అప్పటికే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. వాళ్ల చేతికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు! 1963లో అచ్చయిన ఈ అధ్యయనంతో ప్రశ్నే తిరగబడింది. ‘వీళ్లెందుకు రావటం లేదు’ అన్నది పోయి ‘వచ్చినవాళ్లను మీరెందుకు పంపేశారు’ అన్నది వచ్చింది. జాతీయ క్షయ కార్యక్రమం మామూలు ఆసుపత్రుల మీదే ఆధారపడి నడవాలన్న వాదనకు అది పెద్ద బలమైంది. అదే బెనర్జీ తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్శిటీలో సోషల్ మెడిసిన్ కేంద్రాన్ని నిలబెట్టారు. సమాజశాస్త్రం వైద్యం పక్కన కూర్చోవటం కాదు, వైద్యాన్ని నిలదీయటం అక్కడ జరిగింది. ఈ తేడాను గుర్తుపెట్టుకుని ఖమ్మం దగ్గరికి వద్దాం.

ఖమ్మం సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. కానీ దాన్ని పరిశోధనా పద్ధతికి సంబంధించిన పాఠంగా మనం చదవలేదనుకుంటాను. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధనా మండలి, అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ కలిసి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మెర్క్ కంపెనీ గార్డసిల్. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. ఖమ్మంలో టీకా వేసింది ఎక్కువగా బడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో. తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉంటారు, పిల్ల హాస్టల్లో ఉంటుంది. అంగీకార పత్రం మీద సంతకం ఎవరు పెట్టాలి? ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు పెట్టవచ్చని ప్రభుత్వమే చెప్పింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. ఆంధ్రలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు వేసినవి.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వెళ్లి పిల్లలతో, తల్లులతో మాట్లాడింది. గొడవ పెద్దదై ఏప్రిల్లో ప్రాజెక్టు ఆగిపోయింది. టీకా వేయించుకున్న పిల్లల్లో అప్పటికి ఏడుగురు చనిపోయారు. అయిదుగురు ఇక్కడివాళ్లు, ఇద్దరు గుజరాత్ పిల్లలు.

ఇందులో సమాజశాస్త్రం లేదని ఎవరూ అనలేరు. నాకు బాధ కలిగించేది అదే. టీకా వేయటానికి ముందు రెండు మూడేళ్లు ఈ ప్రాజెక్టు కోసం సామాజిక అధ్యయనాలు జరిగాయి. ఆడపిల్లల ఆరోగ్యం గురించి తల్లులు ఏమనుకుంటారు, ఎవరి మాట వింటారు, సమాచారం ఎలా చేరవేయాలి, ఆరోగ్య వ్యవస్థ ఎంతవరకు సిద్ధంగా ఉంది అని అడిగారు. వైద్యం, సమాజశాస్త్రం, ఆరోగ్య విధానం మూడూ ఉన్నాయి. ఈనాటి ఏ గ్లోబల్ హెల్త్ డిపార్టుమెంటైనా ఆదర్శంగా చూపించుకునే అమరికే అది. కానీ సమాజశాస్త్రానికి అప్పగించిన పని ఒక్కటే: టీకాను ఎలా ఒప్పించాలి? ఇంటికి దూరంగా హాస్టల్లో ఉన్న పదేళ్ల కోయ పిల్లకి ‘వద్దు’ అనే అవకాశం ఎక్కడుంది అన్నది దాని పనిగా ఎవరూ అనుకోలేదు. వార్డెన్‌కీ పిల్లకీ మధ్య ఉన్న అధికారం గురించి ఇంటర్ విద్యార్థి కూడా రెండు పేజీలు రాయగలదు. ఒప్పించే పనికి కుదుర్చుకున్న శాస్త్రం ఆ రెండు పేజీలు రాయలేదు, రాసినా చదివేవాళ్లు లేరు.

ఆ ఏడు చావుల మీద కేంద్ర ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. ఒక పిల్ల నీళ్లలో మునిగి పోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరిది మలేరియా. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు. మొత్తం మీద ఈ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడదన్నారు. అంగీకారం తీసుకున్న తీరులో లోపాల్ని మాత్రం ఎత్తిచూపారు.

టీకా ఆ పిల్లల్ని చంపిందని నేను అనటం లేదు. దానికి ఆధారం లేదు. ప్రపంచమంతటా కోట్ల మంది వేసుకున్న టీకా అది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుందని ఇప్పుడు గట్టి రుజువులున్నాయి. మన ఆడపిల్లలకి అది అందాలన్నదే నా మాట కూడా. ఈ విషయంలో మన మిత్రుల్లో కొందరు ఇప్పటికీ టీకా మీదే అనుమానం పెట్టుకుని ఉన్నారు. ఖమ్మంలో జరిగిన అన్యాయానికి మందుని శిక్షించటం సరికాదు.

నాకు నిద్రపట్టనివ్వనిది ‘సంబంధం లేదు’ అన్న ఆ ముగింపు మాట. టీకా లెక్కలో అది సరైనదే. ఎపిడెమియాలజిస్టు అడిగిన ప్రశ్నకి అది నిజాయితీ అయిన జవాబు కూడా. కానీ ఆ వయసు పిల్లలు ఇద్దరు పురుగుమందు తాగారంటే, ఒక పిల్ల మలేరియాతో పోయిందంటే, ఇంకొక పిల్ల పాముకాటుతో పోయిందంటే వాటికి ఆడపిల్లల ఆరోగ్యంతో సంబంధం లేదా? ఎప్పుడో ముప్పై, నలభై ఏళ్ల తర్వాత రాబోయే క్యాన్సర్ నుంచి ఆ పిల్లల్ని కాపాడటానికి సముద్రాలు దాటి వచ్చారు. ఆ ఏడాది వాళ్లను చంపినవాటిని ఫైలు మూసేయటానికి సాక్ష్యాలుగా వాడుకున్నారు. మలేరియాకు మందుంది, పాముకాటుకు విరుగుడు ఇంజెక్షనుంది. అవి ఆ పిల్లల దగ్గరికి ఎందుకు చేరలేదో, అంత చిన్న పిల్లకి పురుగుమందు డబ్బా ఎందుకు దిక్కయిందో ఎవరి థీసిస్‌లోనూ అధ్యాయం కాలేదు. శాస్త్రాలు కలవాల్సిన చోటు అది. ఒక శాస్త్రం ‘నాకు సంబంధం లేదు’ అని లేచిపోయిన చోట ఇంకొకటి కూర్చోకపోతే మూడు విభాగాలు, ముగ్గురు గైడ్లు ఎందుకు?

ఈ కథకి ఇంకో మలుపుంది, మన సంఘాల్లో చాలామందికి తెలియదనుకుంటాను. అదే కాలంలో దేశంలోని అనేక కేంద్రాల్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఇంకొక అధ్యయనం చేస్తోంది. ఇదే టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది వాళ్ల ప్రశ్న. ఖమ్మం, వడోదర గొడవ తర్వాత 2010 ఏప్రిల్లో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకా పరీక్షలన్నీ ఆపమనటంతో అదీ ఆగింది. అప్పటికి ఒక్క డోసే పడిన ఆడపిల్లలు దాదాపు 5 వేల మంది మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను పదేళ్లు గమనించారు. ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని 2021లో ప్రచురించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలునని చెప్పటానికి ఉన్న ఆధారాల్లో ఇదొకటి. ఇవాళ పేద దేశాల్లో ఒక్క సూదితో, మూడోవంతు ఖర్చుతో పని జరుగుతోందంటే అందులో ఖమ్మం తల్లుల కోపానికి కూడా వాటా ఉంది. ఆడవాళ్లు ఎదురుతిరిగితే సైన్సు ఆగిపోతుందనేవాళ్లకి ఈ ఉదాహరణ చూపించవచ్చు. పరిశోధనా పత్రాల్లో మాత్రం ఈ ఆగటం గురించి ఒకటి రెండు వాక్యాలుంటాయి, అంతే. ఆ ఒకటి రెండు వాక్యాల వెనక ఉన్నదాన్ని ఎవరైనా డాక్టరేట్‌కి తీసుకుంటే బావుండును. దానికి టీకా శాస్త్రం తెలియాలి, చట్టం తెలియాలి, కోయ భాష తెలియాలి.

గ్లోబల్ హెల్త్ అనే పేరు కొత్తదేగాని వ్యవహారం పాతదే. 1897 ఆగస్టులో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కొక్క దోమకి అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరైనా మనకు తెలుసు, అది నయం. ఇవాళ మన గ్రామాల నుంచి వెళ్లే డేటాలో పేర్లు ఉండకూడదు, అది నియమం, మంచి నియమమే. కానీ చెప్పినామెకి రక్షణగా పెట్టిన ఆ నియమం, మూడు నెలలు ఇంటింటికీ తిరిగి ఆమెతో చెప్పించిన మన కార్యకర్త పేరు కూడా మింగేస్తోంది. థీసిస్ మొదట్లో ‘స్థానిక సంస్థకు కృతజ్ఞతలు’ అని ఒక ముక్క, అదీ ఒక్కోసారి పేరు తప్పు రాసి.

ఇక ఏ ప్రశ్నలు అడగటం లేదో చూద్దాం. గర్భసంచి ఆపరేషన్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయాయో చెప్పక్కర్లేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఎక్కువ భాగం జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. తెల్లబట్ట అవుతోందనో నడుం నొప్పనో వెళ్లిన ముప్పై ఏళ్ల మనిషికి ‘ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పి తీసేసిన ఉదంతాలు మీలో ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటాయి. అంటే క్యాన్సర్ భయం మా ఊళ్లలో కొత్తగా కల్పించాల్సిన ‘అవగాహన’ కాదు, అప్పటికే అమ్ముడవుతున్న సరుకు. ఖమ్మం టీకాకు ముందు జరిగిన అధ్యయనాలకూ, గర్భసంచి ఆపరేషన్లు లెక్కగట్టే అధ్యయనాలకూ మధ్య రోడ్డు లేదు. మొదటిదానికి అంతర్జాతీయ డబ్బుంది. రెండోదాన్ని మన ఊరి నర్సింగ్‌హోమ్ సమస్యగా చూస్తారు. ఆడమనిషికి ఉన్నది మాత్రం ఒకే గర్భసంచి.

ఇక్కడ ఒక సంగతి గర్వంగానే చెప్పుకోవాలి. శాస్త్రాల్ని కలిపి చదవటం మనం యూనివర్శిటీల దగ్గర నేర్చుకోలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద పరీక్ష జరుగుతుంటే స్త్రీశక్తి సంఘటన మిత్రులు వెళ్లారు. వచ్చిన ఆడవాళ్లకి ఇది ప్రయోగమని చెప్పలేదు, పిల్లలు పుట్టకుండా కొత్త సూది అన్నారు. సంగతి విడమరిచి చెప్తే చాలామంది లేచి వెళ్లిపోయారు. 1986లో సహేలీ లాంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వాదనలో ఔషధశాస్త్రం, చట్టం, గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో ఫాలో-అప్ ఎలా ఉంటుందన్న అనుభవం అన్నీ ఒకే కాగితంలోకి వచ్చాయి. ఆ కాలపు మిత్రుల్లోనే పోషకాహార శాస్త్రవేత్త వీణా శత్రుఘ్న ఉన్నారు, సాహిత్యం చెప్పేవాళ్లు, రాజకీయశాస్త్రం చదివినవాళ్లు ఉన్నారు. ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం అలాంటి కూడికలోంచే వచ్చింది. తెలుగులో ఆడవాళ్ల శరీరం గురించి ఆడవాళ్లు అడిగే ప్రశ్నలతో మొదలైన పుస్తకం అది. దాన్ని ఏ డిపార్టుమెంటూ తన శాస్త్రం అనుకోలేదు, మనకు మాత్రం అదే పాఠ్యపుస్తకం.

మరి ఇప్పుడు డాక్టరేట్ చేసేదెవరు? ఈ ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకి ‘గ్లోబల్ హెల్త్ లీడర్స్’ అవార్డు ఇచ్చింది. పది లక్షలకి పైగా ఉన్న వీళ్లను వాలంటీర్లు అంటాం, జీతం కాదు పారితోషికం ఇస్తాం. పోనీ, గ్లోబల్ హెల్త్ నాయకులన్నాం కదా, అదే విషయంలో పరిశోధన చేయటానికి వీళ్లలో ఒక్కరికైనా దారుందా? ఏజెన్సీలో ఇరవయ్యేళ్లు కాన్పులు చేసిన ఎఎన్‌ఎంకి ఉందా? పిజి కావాలి, ఇంగ్లీషు కావాలి, ఫెలోషిప్ వచ్చేలోగా ఇల్లు గడవాలి, పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి. తెలుగు మీడియంలో చదివి యూనివర్శిటీ దాకా వచ్చిన దళిత, గిరిజన అమ్మాయిలకి మా డిపార్టుమెంట్లలో కూడా ‘నీ కమ్యూనిటీ మీద చెయ్యి’ అంటారు. టీకా ధర మీద, పేటెంట్ల మీద, దాతల సంస్థల నిర్ణయాల మీద చెయ్యమని ఎవరూ అనరు. భద్రాచలం వచ్చి కోయవాళ్ల ఆరోగ్య అలవాట్ల మీద చేసేవాళ్లు విదేశాల నుంచి వస్తారు. భద్రాచలం పిల్ల జెనీవా వెళ్లి అక్కడి ఆఫీసుల అలవాట్ల మీద చెయ్యటం మాత్రం ఎవరి ఊహలోకీ రాదు. అదీ గ్లోబల్ హెల్త్ పరిశోధనే, నిజానికి మరింత అవసరమైన పరిశోధన.

కొందరు మిత్రులు ఇలా అంటారు: ‘అమ్మా, విద్యార్థి ఏం చేస్తుంది? నాలుగేళ్ల ఫెలోషిప్, మూడు వ్యాసాలు అచ్చు కావాలి, గైడ్లు ముగ్గురూ మూడు వైపులా లాగుతుంటారు.’ నిజమే. నేను చూసినంతలో ఇద్దరు ముగ్గురు గైడ్లున్న విద్యార్థికి వచ్చే పెద్ద ఇబ్బంది, చివరికి ఎవరి పద్ధతి గెలుస్తుందన్నది. చాలాసార్లు అంకెలే గెలుస్తాయి. ఆడవాళ్ల మాటలు కొటేషన్లుగా అక్కడక్కడా మిగులుతాయి, కూరలో కరివేపాకులాగా. ఈ విషయంలో విద్యార్థిని తిట్టి లాభం లేదు. ఆమెకు మనం ఇవ్వగల సాయం ఒకటుంది. మన వైపు నుంచి గట్టి షరతులుంటే వాటిని చూపించి ఆమె తన గైడ్లతో వాదించుకోగలుగుతుంది. ఆ మాట ఇద్దరు విద్యార్థినులు నాతో స్వయంగా అన్నారు.

షరతుల్లో కొన్ని ఇప్పటికే కాగితం మీద ఉన్నాయి. ఆరోగ్య రంగంలో సామాజిక పరిశోధనకి 2000లోనే బొంబాయి సెహత్ చొరవతో నైతిక సూత్రాలు తయారయ్యాయి. వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు సామాజిక పరిశోధననీ, పరిశోధన జరిగే సమూహాన్ని సంప్రదించాల్సిన అవసరాన్నీ చెప్తున్నాయి. నైతిక సంఘం అనుమతి పత్రం తెచ్చారా అని అడగటంతో మన పని అయిపోదు. ఆ పత్రంలో ఉండేది వ్యక్తిగత అంగీకారం. మనకు కావలసింది ప్రశ్న మీద హక్కు. ప్రశ్నాపత్రం ఖరారు కాకముందే ఆ ఊరి ఆడవాళ్ల ముందు పెట్టాలి. ‘ఇది కాదు, ఇది అడగండి’ అనటానికి వాళ్లకి వీలుండాలి. వాళ్లు మద్యం గురించి అడగమంటే మద్యం గురించి అడగాలి, అది థీసిస్‌కి సంబంధం లేదనకూడదు.

కార్యకర్తకి కూలి ఇవ్వాలి, ఆమె కోరుకుంటే ప్రచురించే వ్యాసంలో ఆమె పేరు రచయితల్లో ఉండాలి. దీనికి ‘రాయటంలో పాలుపంచుకోలేదు కదా’ అనే అభ్యంతరం వస్తుందని తెలుసు. తెలుగులో చెప్పినదాన్ని అర్థం చేసుకుని ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పటం రాయటం కాకపోతే, మరి రాయటమంటే ఏమిటో వాళ్లనే చెప్పమందాం. పరిశోధనలో రక్తం తక్కువని తేలిన మనిషిని లెక్కలో వేసుకుని వెళ్లిపోకుండా వైద్యం దాకా తీసుకెళ్లాలి. థీసిస్ ఇవ్వటానికి ముందే తెలుగులో, అవసరమైన చోట కోయలో, లంబాడీలో, ఊళ్లో చదివి వినిపించాలి. విన్నవాళ్లు ఒప్పుకోకపోతే ఆ మాట కూడా థీసిస్‌లో ఉండాలి. ఇంగ్లీషులో అచ్చయిన వ్యాసం కాపీ పంపితే ఫలితాలు తిరిగిచ్చినట్టు కాదు.

ఇంత చెప్తే వాళ్లు ఇంకో ఎన్‌జీఓ దగ్గరికి పోతారు కదా అన్నది అసలు భయం. పోతారు. పరిశోధనకి సాయం చేయటం కొన్ని సంస్థలకి ఇప్పుడు ఆదాయ మార్గం కూడా. అందుకే ఒక్కొక్క సంఘం విడిగా షరతులు పెడితే నిలబడవు. జిల్లాలో పనిచేసే సంఘాలన్నీ ఒకే కాగితం మీద సంతకం చేస్తే నిలబడతాయి. మన యూనివర్శిటీల సోషియాలజీ, స్త్రీ అధ్యయన విభాగాలు కూడా తమ విద్యార్థులకి అదే కాగితం వర్తింపజెయ్యాలి. విదేశీ విద్యార్థికి పెట్టిన షరతు హైదరాబాదు విద్యార్థికి లేకపోతే అది అన్యాయమే అవుతుంది. స్వదేశీ పరిశోధకులు గూడేల్లో ఎలా ప్రవర్తిస్తారో నాకు బాగా తెలుసు.

ఖమ్మం చావుల విషయం మళ్లీ ఎత్తుతున్నాను, ఎందుకంటే ఆ కాగితంలో దీనికి ఒక వాక్యం ఉండాలి. ఏ ఆరోగ్య పరిశోధన అయినా జరుగుతున్న కాలంలో అందులో ఉన్న ఆడమనిషి గానీ పిల్ల గానీ చనిపోతే, ఆ చావుకి పరిశోధనతో సంబంధం ఉందా లేదా అని తేల్చి ఊరుకోకూడదు. ఆమె ఎందుకు చనిపోయిందో, ఏది అందివుంటే బతికేదో ఇంటివాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటేనే రాసి, ఆ రాసినదాన్ని జిల్లా వైద్యాధికారికీ మన సంఘాలకీ ఇవ్వాలి. ఇందుకు అదనంగా డబ్బు, కాలం పడతాయి. ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదటే పెట్టమని అడుగుదాం.

ఈ షరతుల ముసాయిదాను నాలుగు పేజీల్లో రాసి ఉంచాను. కావలసిన సంఘాలు పత్రిక చిరునామాకి రాస్తే పంపుతాం. మీ దగ్గరికి ఇప్పటిదాకా వచ్చిన పరిశోధకులు ఎవరెవరు, ఏం అడిగారు, వెళ్లాక ఏమైనా పంపారా అన్నది కూడా దానితోపాటు రాయండి. వచ్చే సంచికలోగా అందితే అన్నీ కలిపి ఒకచోట పెట్టి చూద్దాం.